ఎదురుకాళ్ల కుమారి

కుమారి ఎదురుకాళ్లతో పుట్టింది. రేపల్లెలో అమ్మమ్మగారింట్లో మంత్రసాని ఒక రాత్రీ ఒక పగలూ పడరాని పాట్లు పడ్డాక ముందు కాళ్లు, ఆ తర్వాత ఎప్పటికో తల బయటపడ్డాయి. తల్లి ఏసమ్మ బతికి బట్టకట్టడమే గొప్ప. ఆమెకు మళ్లీ కాన్పు రాలేదు. అంత గొడవలోనూ మంత్రసాని పిల్ల పాదాలు రెండూ తడిమి చూసి, "ఈ కాళ్లు ఊరందరికీ పనికొస్తాయి, జాగర్తగా పెంచుకోండి" అందట.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే పట్టేసిన నడుం వదులుతుందని మన వైపు నమ్మకం. ఎందుకు వదులుతుందని అడగకూడదు. అడిగేవాడికి ఇంకా నడుం పట్టలేదని అర్థం.

కుమారికి అయిదేళ్లు నిండకుండానే చేతినిండా పని దొరికింది, కాదు, కాలినిండా. తండ్రి రాజారత్నం తెనాలిలో ఒక రైసుమిల్లు దగ్గర ముఠా మేస్త్రి. ముఠా అంటే బస్తాలు మోసే కూలీల జట్టు. బండ్ల మీద వచ్చిన ధాన్యం దింపడం, గోడౌనులో కప్పు దాకా బస్తా మీద బస్తా పేర్చి నెట్టు కట్టడం, బియ్యం లారీలకెక్కించడం వాళ్ల పని. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా బస్తా కింద వంగి నడిచేవాళ్లకు నడుములు పట్టకేం చేస్తాయి? ఆదివారం గుడి అయిపోగానే రాజారత్నం ఇంటి ముందు ఇద్దరో ముగ్గురో బోర్లా పడుకుని ఉండేవారు. గౌను వేసుకున్న కుమారి గోడకు చెయ్యి ఆనించి ఒక్కొక్కరి నడుం మీదా అటూ ఇటూ నడిచేది. లేచినవాడు ఒళ్లు విరుచుకుని, పిల్ల చేతిలో ఓ బెల్లం ముక్క పెట్టి వెళ్లేవాడు.

"ఇదేం అన్యాచారం రత్నం, మనం లూథరన్లం" అని పాస్టరుగారు మొదట్లో మందలించేవారు. ఒక వానాకాలం ఆయనకూ నడుం పట్టేసింది. ఆ తర్వాత మందలించడం మానేశారు.

అందరికంటే ఎక్కువ తొక్కించుకున్నవాడు రాజారత్నమే. కూతురు దిగగానే లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "పోయింది" అనేవాడు. నిజంగానే పోయేది. ముప్పయ్యేళ్ల మనిషి, ఉక్కులాంటి ఒళ్లు. తొక్కినా పోయేది, తొక్కకపోయినా రెండు రోజులుంటే పోయేది. ఆ సంగతి కుమారికి చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు.

మిషను బడిలో చదువు, ఆపైన గుంటూరు, ఆపైన స్కాలర్షిప్పు మీద విశాఖపట్నం. ఎమ్మెస్సీ అయ్యాక ఆమెను ఒక ప్రొఫెసరుగారు తన దగ్గర పరిశోధనకు పెట్టుకున్నారు. ఆయనకు ఒకే యావ. మనిషికి వయసు మీదపడేకొద్దీ వెన్నుపూసల మధ్య ఉండే బిళ్లల్లో ఏం మారుతుంది? చనిపోయినవారి వెన్నులోంచి తీసిన బిళ్లలు ఆసుపత్రి నుంచి గాజు సీసాల్లో వచ్చేవి. సీసా మీద పేరు ఉండదు, వయసు మాత్రం ఉంటుంది. కుమారి వాటిని కోసి, తూచి, ఓవెన్లో ఆరబెట్టి, మళ్లీ తూచేది. పసిపిల్లల బిళ్ల మధ్యలో తెల్లగా, నిగనిగలాడుతూ గుజ్జు ఉండేది, నూటికి తొంభై పాళ్లు నీరు. అరవై దాటినవాళ్లది పసుపుపచ్చగా, పీచు పీచుగా, కత్తికి అడ్డం తిరిగేది. నీరు డెబ్బై పాళ్లకు దిగిపోయేది. నీటిని పట్టి ఉంచే కొండ్రాయిటిన్ సల్ఫేటు ఏటికేడాది తరిగిపోవడం, మిగిలినదాంట్లో కెరటాన్ సల్ఫేటు వాటా పెరగడం, కొల్లాజన్ నార ముదిరి మొరటెక్కడం ఆమె తన కళ్లతో చూసింది.

కొత్త సీసాలు వచ్చినప్పుడల్లా తండ్రి వయసు సీసా ఉందేమోనని వెతికేది. ఉంటే దాన్ని అన్నిటికంటే చివర కోసేది. ఎందుకంటే ఏం చెబుతుంది? భయం. ప్రొఫెసరుగారు బరువులు మోసినవాళ్లదీ మోయనివాళ్లదీ కూడా ఎండుతుందనేవారు. వయసుకు మేస్త్రి అనీ మేష్టరనీ తేడా లేదు. అయినా ఆ పసుపు రంగు చూస్తుంటే ఆమెకు గోడౌనులో వంగి నడిచే మనిషే కనబడేవాడు.

తర్వాత బాపట్లలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు ఉద్యోగం వచ్చింది. తెనాలికి దగ్గర, రైలెక్కితే ఎంతోసేపు పట్టదు. ప్రొఫెసరుగారు సెలవుల్లో పిలిస్తే విశాఖపట్నం వెళ్లి పని చూసి వచ్చేది.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం, కోతలు మొదలయ్యే రోజులు. తల్లి కబురంపితే కుమారి ఆదివారం తెనాలి వెళ్లింది. రాజారత్నం చాప మీద పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకుని ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్లకే ముఖం పీక్కుపోయింది.

"వచ్చావా తల్లీ. ఈసారి గట్టిగా పట్టింది. ఎడం కాల్లోకి కూడా లాగుతోంది. నువ్వొచ్చావుగా, ఇంక ఫర్వాలేదు" అన్నాడు బోర్లా తిరగబోతూ.

"ఉండు నాన్నా. తొక్కడం వద్దు. డాక్టరుకి చూపిద్దాం."

"డాక్టరేం చేస్తాడే? ఆయనేమైనా ఎదురుకాళ్లతో పుట్టాడా?"

ఆయన తొందరకు కారణం ఉంది. ఆ ముఠాలో ఒక కట్టుబాటు. కొత్త ధాన్యం మిల్లుకొచ్చిన రోజున మొదటి బస్తా మేస్త్రి తానే ఎత్తుకుని, నెట్టు మీదికెక్కి వెయ్యాలి. వేసినవాడు ఆ ఏడాది మేస్త్రి. వెయ్యలేనివాడు తువ్వాలు తీసి పక్కవాడి భుజాన వేసి పక్కకు తప్పుకోవాలి. రాజారత్నం ఇరవై ఏళ్లకు పైగా ఆ బస్తా ఎవరికీ వదల్లేదు. ఇంకో మూడు వారాల్లో కొత్త ధాన్యం బండ్లు వస్తాయి.

కుమారి చాప పక్కన కూర్చుంది. పెద్ద చదువు చదువుకున్నవాళ్లకు తెలిసినది ఇంట్లోవాళ్లకు చెప్పడం మహా కష్టం. కాలేజీలో అలవాటైన మాటలేవీ ఇక్కడ పనికి రావు.

"వెన్నులో పూసకీ పూసకీ మధ్యన ఒక బిళ్ల ఉంటుంది నాన్నా. చుట్టూ నార, మధ్యలో గుజ్జు. చిన్నప్పుడు ఆ గుజ్జు లేత ముంజెలా ఉంటుంది, అంతా నీరే. నువ్వు బరువెత్తితే ఆ బరువంతా అదే కాచుకుంటుంది. వయసొచ్చేకొద్దీ అందులో నీళ్లు పట్టి ఉంచే పదార్థం తరిగిపోతుంది."

"అయితే నా ముంజెలు ముదిరాయంటావు."

"ముదిరాయి. చుట్టూ ఉన్న నార కూడా పగుళ్లిస్తుంది. ఇప్పుడు బరువెత్తితే ఆ పగుల్లోంచి లోపలిది బయటికొచ్చి నరాల మీద పడుతుంది."

"మరి నీళ్లు బాగా తాగితేనో?"

"తాగిన నీళ్లు అక్కడ నిలవవు. ఆ బిళ్లలోకి నెత్తురు కూడా వెళ్లదు నాన్నా. పక్కన ఎముకలోంచి ఊరి వచ్చేదే దానికి తిండి. పెద్దతనంలో ఆ దారి కూడా మూసుకుపోతుంది. పోయింది మళ్లీ రాదు."

కూతురి మాట తీసిపారేసే మనిషి కాదు రాజారత్నం.

"ఇదంతా నువ్వు చూశావా?"

"చూశాను. నా చేత్తో కోశాను."

"ఎవరివి?"

"చచ్చిపోయినవాళ్లవి."

"అదీ సంగతి" అన్నాడు రాజారత్నం, పెద్ద బరువు దిగినట్టు. "చచ్చినోడి నడుం ఎండిపోక ఏమవుతుందే? నేను బతికే ఉన్నానుగా."

అటు వంటింటి గుమ్మంలోంచి ఏసమ్మ, "ఒక్కసారి తొక్కవే. నీ పాదం తగిల్తే చాలు, ఆయన ప్రాణం కుదుటపడుతుంది. వారం నుంచీ నీ పేరే కలవరిస్తున్నాడు" అంది.

కుమారి లోలోపల లెక్క వేసుకుంది. పట్టింది కండరమైనా నరమైనా, విశ్రాంతి ఇస్తే వదులుతుంది. పాదం ఊరికే తగిలిస్తే నష్టం లేదు. తొక్కిందని నమ్మితే ఆయన చెప్పిన మాట వింటాడు. ఇదీ ఆమె లెక్క. తూకం తప్పని చేతులకు మనిషి తూకం మాత్రం అందలేదు.

"తొక్కుతాను. కానీ ఒక షరతు. నెల్లాళ్లు చెక్కబల్ల మీద పడుకోవాలి. ఈ ఏడు బస్తా ముట్టుకోకూడదు. తువ్వాలు ముఠాలో నీ పక్కన మోసే సీమోను మావకి ఇచ్చేయాలి."

రాజారత్నం తలకింద పెట్టుకున్న తువ్వాలు తడిమాడు. చివరికి, "సరే తల్లీ. ప్రభువు సాక్షి" అన్నాడు.

ఆయన బోర్లా పడుకున్నాడు. కుమారి కిటికీ చువ్వ పట్టుకుని, ఒంటి బరువంతా నేల మీది కాలి మీదే ఉంచుకుని, రెండో పాదం తండ్రి నడుం మీద ఆనించింది. చొక్కా లేని ఆ వీపు చిన్నప్పుడు తాను నడిచిన వీపే. నల్లగా, వెడల్పుగా ఉండేది. ఇప్పుడు నడిమధ్యన పూసలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవచ్చు.

"ఇంకాస్త గట్టిగా" అన్నాడు రాజారత్నం.

"చాలు నాన్నా. అయిపోయింది."

రెండు వారాలు తిరిగేసరికి నొప్పి పోయింది. విశ్రాంతికి పోయిందని కుమారి సంతోషించింది. కుమారి కాలికి పోయిందని వీధి వీధంతా సంతోషించింది. అదే సమయానికి ప్రొఫెసరుగారు వ్యాసం ముగించాలి, వారం రోజులు రమ్మని పిలిచారు. కుమారి తెనాలిలో దిగి తండ్రిని చూసుకుంది. ఆయన వాకిట్లో తిరుగుతున్నాడు. "నీ మాట మీదే ఉన్నానే, వెళ్లిరా" అన్నాడు. ఆమె నిశ్చింతగా విశాఖపట్నం రైలెక్కింది. ఆ వారమంతా అరవై ఏళ్లు దాటినవారి బిళ్లల మీదే పని.

తిరిగి బాపట్ల వచ్చేసరికి ఆమె అద్దె ఇంటి అరుగు మీద సీమోను కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఏంటి మావా? నాన్నకేమైంది?"

"నిన్న పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నానమ్మాయ్. కాలేజీలో అడిగితే నువ్వు ఊళ్లో లేవన్నారు." సీమోను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మొన్న కొత్త ధాన్యం వచ్చింది. తువ్వాలు నాకివ్వడానికే వచ్చాడు మీ నాన్న. భుజం మీంచి తీశాడు కూడా. తీసి, బస్తా వంక చూశాడు. 'ఒరే సీమోనూ, అసలు నొప్పే లేదురా. కుమారి తొక్కింది కదా' అన్నాడు. నేను వద్దంటే వింటాడా? ఎత్తుకున్నాడు. నెట్టు మీద సగం దాకా ఎక్కాడు కూడా. అక్కడ ఆగిపోయాడు. కాళ్లు రెండూ ఒక్కసారే మడతపడిపోయాయి."

"ఆసుపత్రిలో ఉన్నాడా?"

"ఇంట్లోనే ఉన్నాడు. బండెక్కించబోతే కొట్టడానికి చెయ్యెత్తాడమ్మా. కుమారొచ్చి తొక్కితే సర్దుకుంటుంది, ఎక్కడికీ రానన్నాడు. మేమూ అదే అనుకున్నాం. మా నడుములన్నీ నువ్వు నిలబెట్టినవేగా."

కుమారి అడగవలసిన మాట ఒకటుంది. అడిగింది. "ఒంటికి వెళ్తున్నాడా?"

"లేదమ్మా. నేను బయల్దేరేసరికే కడుపు ఉబ్బిపోయింది. నడుం కింద నుంచి మొద్దుబారిందంటున్నాడు."

ఆమెకు ఇంకేమీ అడగవలసిన పని లేకపోయింది. బిళ్ల పగిలి లోపలిది బయటపడింది. కిందికి దిగే నరాలన్నిటినీ నొక్కేసింది. గంటల్లో తీయవలసింది, రోజులు గడిచాయి. ఆ గడిచిన రోజులన్నీ ఆయన తన కాలి కోసమే ఎదురుచూశాడు. రైల్లో ఆమె సీమోను పక్కన కూర్చుని తెనాలి దాకా తన పాదాల వంకే చూసుకుంది.

ఇంటికి చేరేసరికి రాజారత్నం బల్ల మీద వెల్లకిలా ఉన్నాడు. కూతుర్ని చూడగానే ఆ ముఖం వెలిగింది. ఆ వెలుగు చూడడం కంటే ఆయన నాలుగు తిట్లు తిడితే ఆమెకు తేలికగా ఉండేది.

"మాట తప్పాను తల్లీ. ఏమనుకోకు. ఒరే, నన్ను బోర్లా తిప్పండ్రా" అన్నాడు.

"నాన్నా, ముందు గుంటూరు వెళ్దాం. బండి వాకిట్లో ఉంది."

"ముందు తొక్కు. తర్వాత ఎక్కడికైనా వస్తాను."

గడియలు పోతున్నాయి. వాదించడానికి వ్యవధి లేదు. "ఆసుపత్రిలో తొక్కుతాను నాన్నా. అక్కడ డాక్టరుగారి ముందే తొక్కుతాను. పద" అంది కుమారి. పుట్టి బుద్ధెరిగాక తండ్రికి ఆమె చెప్పిన రెండో అబద్ధం అది. మొదటిది ఆయన నడుం మీద పెట్టిన పాదం.

గుంటూరులో ఆపరేషను చేశారు. సర్జను గారు బయటికి వచ్చి, ఆమె చదువు సంగతి విని, తీసిన ముక్కను చిన్న సీసాలో పెట్టి చూపించారు. గోధుమరంగు తిరిగిన పసుపు, పీచు పీచుగా, చిటికెన వేలి గోరు కంటే కాస్త పెద్దది. "మొదటి రోజే తెచ్చి ఉంటే కాళ్లు దక్కేవేమోనమ్మా. ఇప్పుడు చెప్పలేను. మీ పరిశోధనకు కావాలంటే తీసుకెళ్లండి" అన్నారు దయగానే.

కుమారి సీసా చేతిలోకి తీసుకుంది. తూచవలసిన పని లేదు, ఆరబెట్టవలసిన పని లేదు. రంగు చూస్తేనే అందులో నీరెంతో, నారెంతో ఆమె చెప్పగలదు. ఇన్నాళ్లూ వెతికిన ఆ వయసు సీసా ఇదే. దాన్ని తిరిగి సర్జను గారి చేతిలోనే పెట్టి, వరండా చివరికి వెళ్లి, గోడకు ముఖం ఆనించి ఏడ్చింది.

కాళ్లు రాలేదు. నడుం కింద స్పర్శ రాలేదు. కుమారి తల్లినీ తండ్రినీ బాపట్ల తెచ్చుకుంది. పొద్దున కాలేజీకి వెళ్లేముందూ, సాయంత్రం రాగానే ఏసమ్మా తనూ కలిసి ఆయన్ని పక్కలు మార్చేవారు. పుండ్లు పడకుండా పౌడరు అద్దేవారు. ఎండాకాలం గాలి వీచే వేళ కిటికీ దగ్గరికి మంచం జరిపేవారు. ఆయన ఎవర్నీ ఏమీ అనేవాడు కాదు. విశాఖపట్నం నుంచి పిలుపులు వచ్చినా కుమారి వెళ్లడం మానేసింది.

ఒక్క మాట మాత్రం ఆయన వదల్లేదు. "ఆసుపత్రిలో తొక్కుతానన్నావు" అనేవాడు. మొదట్లో రోజూ, తర్వాత వారానికోసారి, తర్వాత ఎప్పుడైనా, అడగడానికి మొహమాటపడుతూ. కుమారి ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయేది.

ఒకసారి సీమోను చూడ్డానికి వచ్చాడు. ఇప్పుడు మేస్త్రి అతనే. కుమారి లోపల కాఫీ కలుపుతుంటే తండ్రి మాట వినబడింది.

"పిల్లదాని తప్పేం లేదురా. ఆ రోజు అది భయపడింది. పాదం ఆనించి తీసేసింది. నాకు తెలియదూ? ఎన్నేళ్లు తొక్కించుకున్నాను. అరకొరగా తొక్కింది కాబట్టి అరకొరగా తగ్గింది. దానికా మాట చెప్పకు, బాధపడుద్ది."

కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని కుమారి అక్కడే నిలబడిపోయింది. తండ్రికి తెలుసు. తెలిసీ బస్తా ఎత్తాడు, తెలిసీ ఆమె కోసం ఎదురుచూశాడు, తెలిసీ ఇన్నాళ్లూ ఆమె మీద నమ్మకం వదులుకోలేదు. ముదిరిన నార, ఎండిన గుజ్జు అని ఆమె ఎన్ని చెప్పినా ఆయన మనసులో ఉన్నది ఒక్కటే. పని సగంలో ఆగింది. మిగతా సగం పూర్తయితే తాను లేస్తాడు.

సీమోను వెళ్లాక ఆమె చాప తెచ్చి నేల మీద పరిచింది.

"ఏంటి తల్లీ?" అన్నాడు రాజారత్నం.

"తొక్కుతాను నాన్నా."

ఆయన రెండు చేతులూ ముందుకు చాచాడు. ఏసమ్మా కుమారీ కలిసి ఆయన్ని చాప మీదికి దింపి బోర్లా తిప్పారు. ఎంత తేలికైపోయాడో. ఏసమ్మ తల దగ్గర కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

కుమారి గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. పూసల మీద పాదం పెట్టకూడదు, అది ఆమెకు తెలుసు. వాటికి దిగువన నడుం కట్టు దగ్గర వెడల్పాటి ఎముక ఉంది, అది బరువు ఓర్చుకుంటుంది. అక్కడ పాదం పెట్టింది. ఈసారి దొంగతనం చేయదలచుకోలేదు. మెల్లగా నేల మీది కాలు పైకెత్తింది. ఒంటి బరువంతా ఆ ఒక్క పాదం మీదికి వచ్చింది. పాదం కింద తండ్రి ఒళ్లు వెచ్చగా తగిలింది. ఆమె అలా పూర్తిగా ఆయన మీద నిలబడి ఎన్నేళ్లయిందో.

రాజారత్నం కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నాడు. కాసేపయ్యాక తల కాస్త పక్కకు తిప్పి, పసిపిల్లను బుజ్జగించే గొంతుతో అన్నాడు.

"ఎక్కమ్మా. భయపడకు. నీ బరువు నేను మోయలేనా?"

ఏసమ్మ తలెత్తి కూతురి వంక చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎక్కుతున్నాను నాన్నా" అంది కుమారి, ఆయన మీద నిలబడే.